బండి మీది పేరు

పోయిన వారం మదనపల్లె పశురోగాల స్టేషను వరండాలో మనం వదిలేసి వచ్చిన ముగ్గురూ ఇంకా అక్కడే కూర్చున్నారు. కాఫీలు చల్లారాయి గానీ వాదం చల్లారలేదు. వారం రోజులుగా ఎదురుచూస్తున్నవారికీ, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారికీ కలిపి రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆ స్టేషను పెద్దదేం కాదు. రెండు గదులు, ఒక వరండా, ఒక షెడ్డు. షెడ్డులో, యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న పాత వ్యాను ఒకటి. పేరు మాత్రం చాంతాడంత: అంతర్జాతీయ పెద్దరోగ పరిశోధన సేవ. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని బజారులో వేళాకోళం చేసేవాళ్లు లేకపోలేదు. మందలకు మందల్నే తుడిచిపెట్టే పెద్దరోగం మీద నానా దేశాల శాస్త్రజ్ఞులు చేతులు కలిపి పెట్టుకున్న సంస్థ అది. పెట్టినప్పుడు ఆ ఒక్క రోగం కోసమే పెట్టారు. తరువాత గొర్రెల గిట్టల పుండ్లూ, దూడల పారుడూ, పశుగ్రాసాల రకాలూ, పాలలో వచ్చే క్షయ క్రిములూ ఒకటొకటిగా దాని నెత్తినే పడ్డాయి. పని ఊరంత అయ్యాక పేరు ఒక్క రోగానిదే ఉండటమేమిటి, ‘అంతర్జాతీయ పశు ఆరోగ్య సేవ’ అని మార్చుకుందామా అని హెడ్డాఫీసు ఇప్పుడు అన్ని స్టేషన్లనూ అడుగుతున్నది. మదనపల్లె మాట వినిపోవడానికి డెన్మార్కు నుంచి హోల్మ్ అనే దొర స్వయంగా దిగాడు.

స్టేషను అధిపతి డాక్టర్ కరుణాకర్ మార్చవద్దంటాడు. మిషను ఆసుపత్రి నర్సు కూతురూ, మద్రాసులో చదువుకుని వచ్చి ఇక్కడ మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నదీ అయిన విమల మార్చాలంటుంది. పేరు మార్చుకోవడం పెళ్లయిన ఆడదానికి చెల్లుతుంది గానీ సైన్సుకు చెల్లదని డాక్టరుగారు తీర్పు చెప్పారు. విమల ముఖం ఎర్రబడింది. జవాబు చెప్పబోతుండగా గేటు దగ్గర మెడగంటలు వినబడ్డాయి. అక్కడే కదూ మనం ఆపింది.

గంటల వెనకే ఆవులు వచ్చాయి. నడుమెత్తు కూడా లేని తెల్లటి పుంగనూరు ఆవులు మూడు, వాటి వెంట మేకపిల్లంత దూడ ఒకటి. వాటి వెనక నిమ్మనపల్లె పక్క పల్లె నుంచి రామక్క. నడివయసు మనిషి, మొగుడు పోయినప్పటి నుంచి ఆవులూ గొర్రెలూ చూసుకుంటూ ఒంటరిగా బతుకుతున్నది. ఆమె వరండా స్తంభాలకు ఒక్కొక్క ఆవునే కట్టింది. చివరి ఆవు హోల్మ్ దొర బూటు నాకబోతే ఆయన కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

“ఆ బండి మీద రాసిన పేరు మీది సామీ,” అన్నది రామక్క. “ఆ పేరు నా ఆవులకు అంటుకోనుండాది. కాబట్టి ఆవులూ మీవే. పెట్టుకోండి.”

విమల గుండె జారిపోయింది. ఎందుకంటే ఈ కథ మొదలుపెట్టింది తనే. గొర్రెలు కుంటుతున్నాయని రామక్క కబురు పంపితే, వ్యాను వేసుకుని వెళ్లింది విమలే. గిట్టలకు మందు వేసింది, గొర్రెలు లేచి తిరిగాయి, రామక్క రాగి సంకటి పెట్టి పంపబోయింది. అంతవరకూ బాగానే ఉంది. వ్యాను కదలలేదు. ఇరుసు విరిగింది. మరమ్మతు మనిషి వచ్చేదాకా ఆ బండి రామక్క వాకిట్లోనే నిలబడిపోయింది, పక్కల మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో.

ఆ అక్షరాలు చదవడానికి ఆ వైపు పల్లెల్లో బడికి వెళ్లాల్సిన పని లేదు. ఎర్ర అక్షరాల బండి ఏ ఊరికి వస్తే ఆ ఊరికి పెద్దరోగం వచ్చినట్టే. ఆ రోగం పుట్టిన వాకిటికి ఊరు వేపమండ కడుతుంది. మండ కట్టిన ఇంటి పశువు తొట్టి దగ్గర నీళ్లు తాగకూడదు, ఊరి బీడులో మేయకూడదు, ఏ ఆంబోతూ దాని దగ్గరికి పోకూడదు. ఇది పాత కట్టుబాటు, మంచి కట్టుబాటే. దానివల్ల ఎన్నో మందలు బతికాయి. కానీ ఈసారి ఊరు రోగాన్ని చూసి కట్టలేదు, బండిని చూసి కట్టింది. రామక్క మొత్తుకున్నది, గొర్రెల గిట్టల కోసం వచ్చిన బండమ్మా అని. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు.

ఆ మండ విప్పించుకోవడానికి ఒకటే దారి ఉంది. పుంగనూరు సంత గేటు దాటి వచ్చిన పశువును ఏ ఊరూ కాదనదు. రామక్క పోయిన సంతకు ఆవుల్ని తోలుకు వెళ్లింది. గేటు దగ్గరే తిప్పి పంపారు. మేత లేదు, నీళ్లు మోసి మోసి ఆమె భుజాలు పుండ్లు పడ్డాయి. ఎండలు ముదిరేలోగా ఆవుల్ని కుప్పం బేరగాడు కృష్ణప్పకు తోలివేయడం తప్ప ఆమెకు మరో మార్గం లేదు. కృష్ణప్ప కొన్న గొడ్లు సరిహద్దు దాటి కటికదుకాణానికే పోతాయని అందరికీ తెలుసు. వాటిని పేరు పెట్టి పిలిచి పెంచిన మనిషి ఆమె.

ఇదంతా రామక్క చెబుతుంటే హోల్మ్ దొర కోసం విమల ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. కక్కలేక మింగలేక ఉంది ఆమె స్థితి. మెత్తగా చెబితే రామక్కకు ద్రోహం, ఉన్నదున్నట్టు చెబితే తన పై అధికారికి ఎదురు సాక్ష్యం. ఒక క్షణం తటపటాయించి, ఉన్నదున్నట్టే చెప్పింది.

డాక్టర్ కరుణాకర్ లేచాడు. ఆయన మనిషి పొడుగు, మాట పొట్టి. ఆదివారం చర్చికి కూడా టీకామందు ఫ్లాస్కు వెంటబెట్టుకుని వెళతాడని మిషను కాంపౌండులో నవ్వుకుంటారు. రోగుల మీద కోపగించడు గానీ రోగాన్ని దాచేవాళ్ల మీద మండిపడతాడు. ఇప్పుడు మాత్రం ఆయన గొంతులో కోపం లేదు, ఇంగ్లీషు కూడా లేదు. పుట్టిన ఊరు సదుం యాసే వచ్చింది.

“మా ఊర్లో దాని పేరు ఎత్తేవాళ్లు కాదమ్మా. అమ్మ వచ్చిందనేది, నోరు మూసుకునేది. మా నాయనా మూసుకున్నాడు. మూసుకోని, జబ్బు ఎద్దుల్ని సంతకు తోలుకోని పోయినాడు. ఆ ఏడు సదుం కాణ్నించి సోమల దాకా మడి దున్నేదానికి ఎద్దు మిగల్లేదు. మా నాయన ఎద్దుకు బదులు తానే కాడి కింద మెడ పెట్టినాడు. నేను మేడి పట్టినాను. అందుకే ఆ పేరు నా చేత్తో నేనే రాసినాను. దాన్ని ఎవరూ దాయకూడదని.”

విమల ఈ సంగతి ఎన్నడూ వినలేదు. మూడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తూ, ఇది మొండితనమనుకున్నది. ఇంతకాలం ఆ ఎర్ర అక్షరాల మీద తను వేసిన జోకులన్నీ గుర్తుకు వచ్చి ఆమెకు సిగ్గేసింది. ఈ మాటలు హోల్మ్ దొరకు ఇంగ్లీషులో ఒక్కొక్కటే చెప్పింది.

రామక్క కళ్లు తుడుచుకున్నది గానీ ఆవుల్ని విప్పలేదు. తన పశువుల్ని కన్నబిడ్డల్లా చూసుకునే మనిషికి ఎద్దు స్థానంలో మనిషి నిలబడ్డాడంటే దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

“రాసింది తప్పని నేననలేదు సామీ,” అన్నది చివరికి. “రోగముండే ఊర్లో గట్టిగానే సెప్పు. లేని నా వాకిట్లోకి దాన్ని యాల తీసుకోనొస్తివి?”

డాక్టరు స్తంభాల దగ్గరికి వెళ్లి ఒక్కొక్క ఆవు కళ్లూ నోరూ పరీక్ష చేశాడు. పెద్దరోగం జాడ ఎక్కడా లేదు. హోల్మ్ దొర మెల్లగా, అయితే పేరు విషయంలో మదనపల్లె మాట ఏమని రాసుకోమంటారని అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పేరు సంగతి తరువాత, ముందు గేటు సంగతి అన్నాడు. రేపే పుంగనూరు సంత. ఆవుల్ని తోలుకురమ్మనీ, గేటు దగ్గర తనే నిలబడి చెబుతాననీ రామక్కకు మాట ఇచ్చాడు. దూడను వ్యానులో ఎక్కించి తీసుకొస్తామని విమల అనబోతే రామక్క రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ బండెక్కితే ఇంకేమన్నా ఉందా అని, ఆవుల్ని విప్పుకుని నడిచి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున పుంగనూరు సంత కళకళలాడుతున్నది. బీడంతా చుట్టూ ముళ్లకంప వేసి, ఒక్కచోట మాత్రం గేటు వదిలారు. గేటంటే అడ్డంగా ఒక దూలం, దాని పక్కన నులకమంచం, మంచం మీద వెంకటముని. అతని తాత నుంచి ఆ దూలం వాళ్ల ఇంటిదే. లోపలికి పోయే ప్రతి పశువు ముట్టె తడిమి, కన్ను చూసి దూలం ఎత్తుతాడు. కలెక్టరు గుర్రమైనా సరే, వెంకటముని చెయ్యి పడితే గానీ లోపలికి పోదని ప్రతీతి.

వ్యాను రాగానే గేటు ముందు జనం చీలిపోయారు. కొందరు పశువుల తలలు పక్కకు తిప్పుకున్నారు. రామక్క అప్పటికే వచ్చి ఒక పక్కన నిలబడి ఉంది. ఆమె చుట్టూ మాత్రం ఖాళీ.

డాక్టర్ కరుణాకర్ నేరుగా మంచం దగ్గరికి వెళ్లి, ఈ ఆవులకు పెద్దరోగం లేదని, తను పరీక్ష చేశానని, లోపలికి పోనివ్వమని అడిగాడు. వెంకటముని మర్యాదస్థుడు. లేచి దణ్ణం పెట్టాడు. పెట్టి, దూలం మీద కూర్చున్నాడు.

“నువ్వు వస్తే రోగం వచ్చిందని మాకు ఎరిక డాక్టరప్పా,” అన్నాడు. “లేదని సెప్పేదానికి నువ్వు యాడికైనా పోయింది ఉండాదా? ఇన్నేండ్లలో నీ నోట్లో ఒకే మాట విన్నాం. ఈ పొద్దు ఇంకో మాట అంటే ఎట్ల నమ్మేది?”

ఎగతాళికి అన్న మాట కాదది. అందుకే డాక్టరుకు అంత లోతుగా తగిలింది. ఇరవయ్యేళ్లుగా ఆయన ఈ తాలూకాల్లో దూడల్ని బతికించాడు, గొర్రెల్ని నిలబెట్టాడు, బావుల నీళ్లు పరీక్ష చేశాడు. ఆ పనులేవీ ఎవరికీ ఆయన పేరుతో గుర్తులేవు. ఉన్నది ఒక్క రోగం పేరు. ఆ పేరు మోసేవాడు ఆరోగ్యం గురించి చెబితే వినేవాళ్లు లేరు. పేరు ఎందుకు మార్చాలో రాత్రంతా హోల్మ్ దొర చెప్పిన లెక్కలన్నీ చేయలేని పని వెంకటముని మాట చేసింది.

గేటు పక్కనే పశువుల నీళ్ల తొట్టి ఉంది. పొంగి పొర్లి చుట్టూ బురద. డాక్టరుగారు కోటు విప్పి విమలకు ఇచ్చి, వంగి రెండు దోసిళ్ల నిండా బురద తీసుకున్నాడు. వ్యాను దగ్గరికి వెళ్లి, తన చేత్తో రాసిన మాట మీద తన చేత్తోనే పూశాడు. అటు పక్కకూ వెళ్లి పూశాడు. ‘అంతర్జాతీయ’ మిగిలింది, ‘పరిశోధన సేవ’ మిగిలింది, మధ్యలో ఎర్రటి ‘పెద్దరోగ’ పోయింది. అంత పొడుగు మనిషి అలా బురదచేతులతో నిలబడితే ఎవరైనా నవ్వాల్సింది. ఎవరూ నవ్వలేదు. విమలకు మాత్రం ఏడుపు వచ్చింది, అది సంతోషమేనని ఆమెకు తెలుసు.

మదనపల్లె మాట ఏమిటో హోల్మ్ దొరకు తర్జుమా అవసరం లేకుండానే తెలిసింది.

డాక్టరు తిరిగి వచ్చి అన్నాడు. “ఇప్పుడు విను వెంకటమునీ. ఈ ఆవులు బాగుండాయి. ఒక రోగం డాక్టరుగా కాదు, పసువుల డాక్టరుగా సెప్తాండాను.”

వెంకటముని గడ్డం గోక్కున్నాడు. అతను అడిగిన ప్రశ్న న్యాయమైనది. “బాగుంది. పేరు తుడిసేస్తివి. రేపు నిజంగా వస్తే, అప్పుడు సెప్తావా, ఇదే మాదిరి బురద పూస్తావా?”

“వచ్చిన పొద్దు నీకంటే ముందు నేనే సెప్తా.”

వెంకటముని రామక్క ఆవుల దగ్గరికి నడిచి, మూడింటి ముట్టెలూ తడిమాడు. దూడ అతని వేలు చప్పరించింది. అతను నవ్వి దూలం ఎత్తాడు. రామక్క దూడను ముందు పెట్టుకుని ఆవుల్ని లోపలికి తోలింది. లోపల ఒక ముసలాయన జరిగి, తన ఎద్దుల పక్కన ఆమె ఆవులకు చోటు ఇచ్చాడు. ఇన్నాళ్ల తరువాత రామక్క పశువుల పక్కన మరొకరి పశువు నిలబడింది. ఆమె ఆ ముసలాయనతో ఏదో మాట్లాడుతూ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది.

గేటు ముందు వరస కదిలింది. తరువాతి మంద కుప్పం కృష్ణప్పది. చేతిలో బెత్తం, నోట్లో ఆకు, సగం అరవం సగం తెలుగు. రామక్క ఆవులు లోపలికి పోవడం చూసి అతని ముఖం మాడింది. మంచి బేరం చేజారింది కదా. విమల అతన్ని చూసి కొంచెం సంతోషపడబోయి, అతని వెనక నిలబడ్డ ఎద్దును చూసింది. ఎర్ర ఎద్దు. తల వేలేసింది. రెండు కళ్ల కింద నీళ్లు కారి చారలు కట్టాయి. ముక్కు కారుతున్నది, డొక్కలు ఎగరేస్తున్నది.

ఆమె డాక్టరుగారి మోచెయ్యి పట్టుకుంది. ఆయన అటు చూశాడు. చేతులు తొట్టిలో కడుక్కుని, వెళ్లి ఎద్దు దవడ పట్టి కింది పెదవి తిప్పాడు. చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొక్కులు. ఆ పొక్కులు ఆయన చిన్నప్పటి నుంచీ ఎరుగును. విమల కూడా పుస్తకాల్లో చూసింది, బతికున్న పశువు నోట్లో చూడటం ఇదే మొదలు.

కృష్ణప్ప, ఎండకు వడదెబ్బ తగిలిందప్పా, నీళ్లు తాపితే లేస్తుంది అన్నాడు. వెంకటముని మంచం దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఎద్దు వైపు చూడలేదు, డాక్టరు ముఖంలోకి చూశాడు.

“పెద్దరోగం,” అన్నాడు డాక్టర్ కరుణాకర్. గట్టిగా, అందరికీ వినబడేలా.

వెంకటముని ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయలేదు. వెనుదిరిగి దూలం దించి, గొలుసు వేశాడు. ఇంతవరకు ఆయన మాట ఎవరూ ఇంత త్వరగా నమ్మలేదు. ఆ సంగతి డాక్టరుకూ తట్టింది, కానీ సంతోషించడానికి తీరిక లేదు. ఈ మందతో ఇంకేమైనా వచ్చాయా అని కృష్ణప్పను అడిగాడు. కృష్ణప్ప నోట్లో ఆకు ఉమ్మేశాడు. బెత్తం చేతిలో నుంచి జారింది.

“పొద్దున్నే సగం మంద లోపలికి పోయినాది సామీ,” అన్నాడు. “అప్పుడు బాగుండాయి. దేవుడి తోడు, అప్పుడు బాగుండాయి.”

మాట గేటు దాటి లోపలికి పాకింది. వందల మంది ఒక్కసారిగా లేచారు. పలుపుతాళ్లు చేతుల్లోకి వచ్చాయి. ఇంటికి తోలుకుపోతే తన పశువు బతుకుతుందని ప్రతివాడి ఆశ. అలా తోలుకుపోతే పొద్దుగూకేలోగా చుట్టూ ఉన్న ప్రతి పల్లెకూ రోగం పోతుందని డాక్టరుకూ విమలకూ తెలుసు. డాక్టరుగారి ఫ్లాస్కులో టీకామందు ఉంది. సంతలో ఉన్న పశువులన్నిటికీ చాలుతుందో లేదో చూడాలి. అంతకుముందు అవి కదలకుండా నిలబడాలి. నిలబడమని చెబితే వినేదెవరు?

లోపల అందరి కంటే ఎక్కువ పోగొట్టుకునేది రామక్క. ఇప్పుడే కదా ఆమెకు చోటు దొరికింది. ఆమె ఆవులు ఉన్నచోటికి కృష్ణప్ప గొడ్లు ఎంతో దూరంలో లేవు. ఆమె పరుగెత్తితే ఎవరూ తప్పు పట్టలేరు. విమల దూలం మీదుగా ఆమె కోసం వెతికింది. రామక్క పరుగెత్తడం లేదు. మూడు ఆవుల్నీ దూడనూ తోలుకుంటూ, జనానికి ఎదురుగా, గేటు వైపే వస్తున్నది. దూలం దగ్గర ఆగి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నది.

“నావి యాడికీ పోవు సామీ. మొదటి సూది వీటికి వెయ్యి. సూసినోళ్లు సూడనీ.”

డాక్టరు దూలం కింద నుంచి వంగి లోపలికి దూరాడు. విమల ఫ్లాస్కుతో ఆయన వెనకే దూరింది. వాళ్ల వెనక హోల్మ్ దొర టోపీ తీసి పారేసి, చొక్కా చేతులు మడుచుకుంటూ వంగాడు. రామక్క పక్కన చోటిచ్చిన ముసలాయన కాసేపు ఆలోచించి, తన ఎద్దుల్ని కూడా తోలుకొచ్చి ఆమె వెనక నిలబెట్టాడు. అతని వెనక ఇంకొకడు వచ్చాడు. మొదటి సూది దిగుతుండగా విమల తలెత్తి చూసింది.

తూర్పు మూలన, ముళ్లకంప దగ్గర, ఎవరో కర్రతో కంప పైకెత్తి పట్టుకున్నారు. ఆ సందులో నుంచి ఒక మంద అప్పుడే బయటికి నడుస్తున్నది.